మట్టి, బొగ్గు, నీరు: ట్రెంట్–మెర్సీ కాలువ, మిడిల్‌పోర్ట్ పింగాణి కర్మాగారం – చారిత్రక పరిశీలన

వ్యాస సంగ్రహం

ఇంగ్లండులోని స్టోక్-ఆన్-ట్రెంట్ ప్రాంతంలో ట్రెంట్–మెర్సీ కాలువ మీద సాగే పడవ ప్రయాణం, దాని ఒడ్డునే ఉన్న మిడిల్‌పోర్ట్ పింగాణి కర్మాగార సందర్శనం నేడు ఒక వినోద యాత్రలో భాగాలు. ఒకప్పుడు అవి ఒకే ఉత్పత్తి వ్యవస్థలో రెండు అంగాలు. కాలువ ఎందుకు పుట్టింది, అది కర్మాగారపు నిర్మాణాన్ని ఎలా నిర్దేశించింది, ఆ వ్యవస్థలో శ్రమ భారం ఎవరిపై పడింది, వారసత్వ సంరక్షణలో ఏది నిలిచింది, ఏది మరుగున పడింది అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పింగాణి మీది పూల నమూనాలకు కోరమండల్ తీరపు అద్దకపు వస్త్రాలతో ఉన్న సంబంధాన్ని కూడా ప్రస్తావిస్తుంది.

కీలక పదాలు: ట్రెంట్–మెర్సీ కాలువ, జోసయ్య వెడ్జ్‌వుడ్, జేమ్స్ బ్రిండ్లీ, మిడిల్‌పోర్ట్, పింగాణి, సీసా ఆవం, పారిశ్రామిక వారసత్వం, చీటి గుడ్డలు.

1. ఉపోద్ఘాతం

స్టోక్-ఆన్-ట్రెంట్ ఒకే కేంద్రం చుట్టూ పెరిగిన నగరం కాదు. టన్‌స్టాల్, బర్స్‌లెం, హాన్లీ, స్టోక్, ఫెంటన్, లాంగ్టన్ అనే ఆరు పట్టణాలు 1910లో ఒకే పాలన కిందికి వచ్చాయి. 1925లో వాటికి నగర హోదా దక్కింది. ఆ పట్టణాలన్నిటికీ కుండల తయారీయే జీవనాధారం కావడంతో ఆ ప్రాంతానికి ఆంగ్లంలో ‘పాటరీస్’ అన్న పేరు స్థిరపడింది. ఆర్నాల్డ్ బెన్నెట్ నవలలకు రంగస్థలమైనది కూడా ఈ ప్రాంతమే.

ఈ ప్రాంతానికి ఉత్తరాన ఉన్న హేర్‌కాసిల్ సొరంగం దాటి దక్షిణంగా పడవలో వచ్చే యాత్రికుడికి మొదట టన్‌స్టాల్, తరువాత బర్స్‌లెం పరిధిలోని మిడిల్‌పోర్ట్, ఆ తరువాత ఇట్రూరియా ఎదురవుతాయి. ఇట్రూరియా వరకు దారిలో ఒక్క లాకు కూడా లేదు. కాలువ మొత్తంలో అతి ఎత్తైన మట్టం ఇదే. ఇట్రూరియా వద్ద లాకుల ద్వారా పడవ కిందికి దిగడం మొదలవుతుంది. ఈ కొద్ది మైళ్ల నీటిబాట వెంట దాదాపు రెండున్నర శతాబ్దాల పారిశ్రామిక చరిత్ర వరుసగా కనిపిస్తుంది. ఈ వ్యాసం కూడా ఆ వరుసనే అనుసరించి, మిడిల్‌పోర్ట్ దగ్గర ఎక్కువసేపు ఆగుతుంది.

2. మట్టి బొగ్గు దగ్గరకు రావడం

పాటరీస్ ప్రాంతంలో కుండల పరిశ్రమ వేళ్లూనడానికి స్థానికంగా దొరికే ముతక మట్టి, దానితోపాటే నేలలో ఉన్న బొగ్గు కారణాలు. ఎర్రని, గోధుమ రంగు పాత్రలు చేసినంత కాలం ఈ రెండూ సరిపోయాయి. పద్దెనిమిదో శతాబ్దంలో తెల్లని పాత్రలకు గిరాకీ పెరిగింది. తెల్లని పాత్రకు కావలసిన మట్టి స్టాఫర్డ్‌షైర్‌లో లేదు. డెవాన్, డార్సెట్ ప్రాంతాల నుంచి తెల్లమట్టి, ఆ తరువాతి కాలంలో కార్న్‌వాల్ నుంచి చీనా మట్టి, దక్షిణ, తూర్పు తీరాల నుంచి చెకుముకి రాయి తెప్పించుకోవలసి వచ్చింది.

ఇక్కడ ఒక ప్రశ్న సహజంగా తలెత్తుతుంది: మట్టి ఉన్నచోటికే పరిశ్రమ ఎందుకు తరలిపోలేదు? సమాధానం బరువులో ఉంది. ఒక టన్ను మట్టిని పాత్రలుగా కాల్చడానికి అనేక టన్నుల బొగ్గు కావాలి. బొగ్గును మట్టి దగ్గరకు మోయడం కంటే మట్టిని బొగ్గు దగ్గరకు మోయడమే చవక. నైపుణ్యం గల పనివారు తరతరాలుగా అక్కడే స్థిరపడి ఉండడం మరొక కారణం.

అయితే ఆ మోత తేలికైనది కాదు. మట్టి, రాయి ఓడల్లో లివర్‌పూల్‌కు చేరి, అక్కడి నుంచి వీవర్ నదిలో పడవల మీద విన్స్‌ఫర్డ్ దాకా వచ్చేవి. ఆపై దారి నేల మీద. తెలుగునాట పెరికె ఎద్దులు మోసినట్లే అక్కడ గుర్రాలు వీపుల మీద బస్తాలు మోసేవి. ఒక్కొక్క గుర్రం మోయగలిగింది వంద కిలోలకు కొంచెం మించిన బరువు మాత్రమే. తయారైన పాత్రలు అదే దారిన తిరిగి వెళ్లేవి. గుంతల దారుల్లో పాత్రలు పగిలిపోయేవి. సరకు విలువలో కొంత ఈ విధంగా దారిలోనే పోయేది. కుండల పరిశ్రమకు రవాణా అదనపు ఖర్చుగా మిగలక, దాని ఎదుగుదలకే హద్దుగా మారింది.

3. కాలువ నిర్మాణం: 1766–1777

1761లో వర్స్లీ గనుల బొగ్గును మాంచెస్టర్‌కు చేర్చిన బ్రిడ్జ్‌వాటర్ కాలువ ఆ నగరంలో బొగ్గు ధరను దాదాపు సగానికి తగ్గించింది. ఆ పని చేసిన జేమ్స్ బ్రిండ్లీ ట్రెంట్, మెర్సీ నదులను కలిపే కాలువకు కూడా ఇంజనీరు అయ్యాడు. బర్స్‌లెం కుమ్మరి కుటుంబంలో పుట్టిన జోసయ్య వెడ్జ్‌వుడ్ ఈ ప్రయత్నానికి ప్రధాన ప్రచారకుడు. లివర్‌పూల్ వర్తకుడు థామస్ బెంట్లీ 1765లో దేశాంతర్భాగ జలమార్గాల ప్రయోజనాలను వివరిస్తూ ఒక కరపత్రం రాశాడు. వైద్యుడు ఎరాస్మస్ డార్విన్ వీరికి తోడ్పడ్డాడు. వీవర్ నది రవాణాపై ఆధారపడినవారు వ్యతిరేకించారు. 1766లో పార్లమెంటు చట్టం ఆమోదం పొందింది. అదే ఏడాది జులై 26న బర్స్‌లెం సమీపంలో వెడ్జ్‌వుడ్ తొలి మట్టిపెళ్లను తవ్వాడు. కాలువ సంస్థకు కోశాధికారిగా కూడా ఆయనే వ్యవహరించాడు.

వెడ్జ్‌వుడ్‌ది ప్రజాసేవా, స్వప్రయోజనమా అన్న ప్రశ్నకు ఇట్రూరియా కర్మాగారం సమాధానమిస్తుంది. కాలువ సాగబోయే దారిలో ఆయన ముందుగానే భూమి కొన్నాడు. 1769 జూన్‌లో అక్కడ కొత్త కర్మాగారాన్ని ప్రారంభించాడు. ప్రాంతం మొత్తానికి మేలు చేసే దారి తన గుమ్మం ముందు నుంచి పోయేలా చూసుకున్నాడు. ఆ రెండు ప్రయోజనాలూ ఒకదానికొకటి అడ్డురాకపోవడమే ఆ కాలపు పారిశ్రామికవేత్తల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి తోడ్పడే విషయం.

పనిలో అతి కఠినమైన భాగం హేర్‌కాసిల్ కొండ. దాని కింద దాదాపు 2,880 గజాల సొరంగం తవ్వడానికి పదకొండేళ్లు పట్టింది. 1772లో బ్రిండ్లీ మరణించాడు. ఆయన బావమరిది హ్యూ హెన్షల్ పనిని కొనసాగించగా, 1777లో దాదాపు 93 మైళ్ల కాలువ పూర్తయింది. సొరంగం ఇరుకైనది. గుర్రం నడిచే బాట అందులో లేదు. పడవవారు వెల్లకిల పడుకొని, కాళ్లతో సొరంగపు గోడను తన్నుతూ పడవను ముందుకు నడిపేవారు. 1827లో థామస్ టెల్‌ఫర్డ్ పక్కనే బాటతో కూడిన రెండో సొరంగాన్ని మూడేళ్లలోనే పూర్తిచేశాడు. నేడు పడవలు దీని గుండానే సాగుతాయి. బ్రిండ్లీ సొరంగం భూమి కుంగడం వల్ల ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో మూతపడింది. కొండలోని ఇనుము కలిసి అక్కడి నీరు కాషాయ రంగులో ఉండడం ప్రయాణికులు మొదట గమనించే విశేషం.

ఈ ప్రాంతంలో లాకుల వెడల్పు ఏడు అడుగులకు కొంచెం మించి ఉంటుంది. ఆ కొలతకు సరిపోయేలా ఏడడుగుల వెడల్పు, డెబ్భై అడుగులకు పైగా పొడవు గల ఇరుకు పడవలు తయారయ్యాయి. ఒక గుర్రం గట్టు మీద నడుస్తూ 25 టన్నుల సరకు గల పడవను లాగగలిగేది. ఆ బరువును వీపుల మీద మోయించాలంటే దాదాపు 200 గుర్రాలు కావాలి. ధరలు, దూరాలు, సుంకాలు ఎలా మారినా, నీరు సాధించిన మార్పు స్వరూపం ఈ ఒక్క పోలికలో తెలుస్తుంది. పైగా నీటి మీద కుదుపు లేదు. గడ్డి చుట్టి పేర్చిన పాత్రలు లివర్‌పూల్ ఓడరేవుకు పగలకుండా చేరే అవకాశం తొలిసారిగా ఏర్పడింది.

4. మిడిల్‌పోర్ట్: కాలువను అనుసరించిన కట్టడం

కాలువ పూర్తయిన నూట పదేళ్లకు పైగా గడిచాక మిడిల్‌పోర్ట్ కర్మాగారం వెలిసింది. 1851లో వేరే పేరుతో మొదలై, 1862లో బర్జెస్, లీ అనే భాగస్వాముల చేతికి వచ్చిన సంస్థ బర్స్‌లెంలోనే ఇతర చోట్ల పనిచేసి, 1888–89లో కాలువ ఒడ్డున ఈ కొత్త ప్రాంగణాన్ని కట్టించుకుంది. వాస్తుశిల్పి ఆబ్సలమ్ రీడ్ వుడ్. ఆ రోజుల్లో దీనిని ఆదర్శ కర్మాగారంగా పేర్కొన్నారు.

ఆ మాటకు అర్థం పాత కర్మాగారాలతో పోల్చినప్పుడే తెలుస్తుంది. బర్స్‌లెంలోని పాత కర్మాగారాలు అవసరం వచ్చినప్పుడల్లా ఒక గది, ఒక కొట్టం చేర్చుకుంటూ పెరిగినవి. పచ్చి పాత్ర ఒక మూల, ఆవం మరో మూల, పూత పూసే గది ఇంకెక్కడో. పనివారు తడి పాత్రలను పలకల మీద పెట్టుకొని వాకిళ్లు దాటుతూ, మెట్లెక్కుతూ దిగుతూ తిరిగేవారు. మిడిల్‌పోర్ట్‌లో పని జరిగే క్రమమే కట్టడపు క్రమం అయింది. కాలువ రేవులో దిగిన మట్టి, రాతిపొడి మొదట నీటితో కలిపే గదికి చేరతాయి. అక్కడ తయారైన మట్టిముద్ద అచ్చుల గదికి, అక్కడి నుంచి ఆరబెట్టే గదులకు, ఆపై తొలి కాల్పుకు, చిత్రాల ముద్రణకు, మెరుగుపూతకు, రెండో కాల్పుకు సాగుతుంది. చివరిది సరకు కట్టే గది. అది మళ్లీ కాలువ ఒడ్డునే ఉంది. గోడ పక్కన నిలిపిన క్రేను గడ్డితో నింపిన పెట్టెలను పడవలోకి దించేది. మట్టి కాలువ నుంచి వచ్చి, పాత్రగా మారి కాలువకే చేరేది.

యంత్రాలను నడిపిన ఆవిరి యంత్రం బర్స్‌లెంలోనే ఉన్న విలియం బోల్టన్ సంస్థ తయారుచేసింది. మొదట ఏడు సీసా ఆవాలు ఉండేవి. నేడు ఒక్కటే నిలిచి ఉంది. సీసా ఆవం నిర్మాణంలో రెండు పొరలు. దూరం నుంచి కనిపించే పొడవైన మెడ గల ఇటుక కట్టడం బయటి పొర మాత్రమే. అది పొగను పైకి లాగే గొట్టంలా పనిచేస్తుంది. అసలు ఆవం దాని లోపల గుండ్రంగా ఉంటుంది. పాత్రలకు మంట నేరుగా తగలకుండా వాటిని మందపాటి మట్టిపెట్టెలలో సర్ది, ఆ పెట్టెలను పనివారు తలమీద మోసుకొని వెళ్లి ఒకదానిమీద ఒకటి పేర్చేవారు. పేర్చడం ముగిశాక వాకిలి ఇటుకలతో మూసి, చుట్టూ ఉన్న పొయ్యిలలో మంట పెట్టేవారు. కాల్పు రెండు మూడు రోజులు సాగేది. తెలుగు కుమ్మరి ఆవంలో ఆకులు, పిడకలు, కట్టెలు కప్పి కాల్చే పద్ధతికీ దీనికీ సూత్రం ఒకటే. తేడా అంతా వేడిమిని అదుపు చేయడంలోను, పరిమాణంలోను ఉంది.

ఈ ప్రాంతంలో ఒకప్పుడు రెండు వేలకు పైగా సీసా ఆవాలు ఉండేవని అంచనా. 1956 నాటి శుద్ధ వాయు చట్టం బొగ్గు పొగకు అడ్డుకట్ట వేసింది. గ్యాసు, విద్యుత్తు పొయ్యిలు వచ్చాయి. 1978లో లాంగ్టన్‌లో చారిత్రక స్మృతి కోసం నిర్వహించిన కాల్పుతో సీసా ఆవాల యుగం ముగిసింది. ఇప్పుడు యాభై లోపే మిగిలాయి.

5. ముద్రిత పూలు: కోరమండల్ తీరంతో సంబంధం

మిడిల్‌పోర్ట్‌లో నేటికీ కొనసాగుతున్న పని చేతితో చేసే చిత్ర బదిలీ. చెక్కిన రాగి పళ్లెం లేదా రాగి కడ్డీ నుంచి రంగును పలుచని కాగితం మీదకు ఎత్తుతారు. ఆ కాగితాన్ని కత్తిరించి, ఒకసారి కాల్చిన పాత్రకు అతికి, గట్టి కుంచెతో రుద్దుతారు. నీటిలో కడిగితే కాగితం పోతుంది, రంగు నిలుస్తుంది. తరువాత మెరుగుపూత, మళ్లీ కాల్పు. గుండ్రని టీ పాత్ర మీద పూల వరుస అతుకు తెలియకుండా కలపడం ఏళ్ల సాధనతో అబ్బే నేర్పు. తరతరాలుగా ఈ పనిని ఎక్కువగా స్త్రీలే చేశారు.

ఈ సంస్థ నమూనాలలో ప్రసిద్ధమైనది 1968లో వచ్చిన ‘కాలికో’. నీలిరంగు నేల మీద తెల్లని పూలు గల ఆ నమూనాకు మూలం చైనా పింగాణి మీది పూలగుత్తులు. దాని పేరు మాత్రం కోళికోడ్ రేవు పేరు మీద నూలు వస్త్రానికి ఏర్పడిన పదం. ఇదే ప్రాంతంలో 1920, 1930 దశకాల్లో పాత్ర అంతటినీ చిన్న పూలతో నింపే ‘చింట్జ్’ శైలి పింగాణి విరివిగా తయారైంది. ఆ పదం భారతీయ అద్దకపు వస్త్రాలను సూచించేది. తెలుగులో చీటి గుడ్డలనే మాట దానికి సోదర పదం.

ఈ సంబంధం పదానికే పరిమితం కాదు. ఈస్టిండియా కంపెనీ 1611లో మచిలీపట్నంలో వర్తక స్థావరం ఏర్పరచుకుంది. కోరమండల్ తీరంలో కలంతో గీసి, అద్ది, రంగు నిలిచేలా ఉతికిన వస్త్రాలు ఇంగ్లండు గృహాలను నింపాయి. అక్కడి నేతవారి ఆందోళన మీద 1700, 1721 సంవత్సరాల్లో వచ్చిన చట్టాలు వాటి దిగుమతిని, వాడకాన్ని నియంత్రించాయి. వస్త్రం మీద ఆంక్షలు పడినా పూల మీది మోజు తగ్గలేదు. ఆంగ్ల అద్దకపు పరిశ్రమ దానిని అనుకరించింది, ఆ తరువాత గోడ కాగితాలు, చివరకు పింగాణి దానిని అందుకున్నాయి. బర్స్‌లెం టీ పళ్లెం మీది పూలను కేవలం ఆంగ్ల పల్లె సౌందర్యంగా చదివితే ఈ దీర్ఘ ప్రయాణంలోని తొలి మజిలీ కనుమరుగవుతుంది.

6. శ్రమ చరిత్ర: కనిపించని భాగం

కాలువ యాత్రలో కనిపించేవి ఇటుక గోడలు, నిశ్చలమైన నీరు, రంగులద్దిన పడవలు. వాటి వెనుక ఉన్న శ్రమకు ఆధారాలు ప్రభుత్వ నివేదికలలో దొరుకుతాయి. 1841లో శామ్యూల్ స్క్రివెన్ పాటరీస్‌లోని బాలకార్మికుల స్థితిని విచారించాడు. పళ్లెం అచ్చును చేతపట్టుకొని పనివాడి బల్ల నుంచి వేడిగా కాగుతున్న ఆరబెట్టే గదికి, అక్కడి నుంచి ఖాళీ అచ్చుతో బల్లకు రోజంతా పరుగులు తీసే పిల్లల స్థితి ఆ విచారణలో నమోదైంది. ఫ్యాక్టరీ చట్టాలు కుండల పరిశ్రమకు వర్తించడానికి 1864 దాకా ఆగవలసి వచ్చింది.

పదార్థాలలోనూ ప్రమాదం ఉంది. మెరుగుపూతలోని సీసం దానిలో చేతులు ముంచినవారి శరీరాలలోకి చేరేది. చెకుముకి రాతిపొడి ఊపిరితిత్తులను దెబ్బతీసేది. రాతిని నీటిలో నూరే పద్ధతికి థామస్ బెన్సన్ 1726లోనే హక్కు పొందినా, పొడి మట్టిధూళి వల్ల కలిగే శ్వాసవ్యాధి ఇరవయ్యో శతాబ్దం దాకా ‘కుమ్మరి రోగం’గా కొనసాగింది. మిడిల్‌పోర్ట్ క్రమబద్ధమైన నిర్మాణం మోతను, నడకను తగ్గించింది. ధూళిని, సీసాన్ని అది నిర్మూలించలేదు. ఆదర్శ కర్మాగారం అన్న విశేషణాన్ని ఈ పరిమితితోనే గ్రహించాలి.

పడవవారి సంగతి మరొకటి. రైళ్ల పోటీతో కూలి తగ్గగా, అనేక కుటుంబాలు ఒడ్డున ఇల్లు వదిలి పడవలోని చిన్న గదిలోనే కాపురం పెట్టాయి. భార్యాపిల్లలు జీతం లేని పనివారయ్యారు. జార్జ్ స్మిత్ సాగించిన ఉద్యమ ఫలితంగా 1877లో వచ్చిన చట్టం పడవలను నివాసాలుగా నమోదు చేయాలని ఆదేశించింది. ఇల్లు కదులుతూ ఉండడంతో బడి మాత్రం చాలామంది పిల్లలకు అందలేదు. నేడు యాత్రికులు ముచ్చటపడే పడవ గది ఒకనాడు ఇరుకు జీవితానికి చిహ్నం.

7. క్షీణత, సంరక్షణ

1846లో నార్త్ స్టాఫర్డ్‌షైర్ రైల్వే సంస్థ కాలువను తన ఆధీనంలోకి తెచ్చుకుంది. కాలువ వెంటనే మూతపడలేదు. మట్టి, రాయి వంటి బరువైన, తొందరలేని సరకుకు నీరే అనుకూలం. 1948లో కాలువలు జాతీయమయ్యాక వాణిజ్య రవాణా క్రమంగా రోడ్లకు మళ్లింది. అంతకు ముందే, 1944లో ఎల్.టి.సి. రోల్ట్ ప్రచురించిన ‘న్యారో బోట్’ గ్రంథం, 1946లో ఏర్పడిన జలమార్గాల సంఘం కాలువలను విహార మార్గాలుగా నిలిపే ఉద్యమానికి నాంది పలికాయి.

ఇట్రూరియా, మిడిల్‌పోర్ట్‌ల గతులు ఈ దశలో వేరయ్యాయి. బొగ్గు తవ్వకాలతో ఇట్రూరియా నేల కుంగి, కర్మాగారం కాలువ మట్టం కంటే దిగువకు జారింది. వెడ్జ్‌వుడ్ సంస్థ 1940 నుంచి బార్లస్టన్‌లోని కొత్త కర్మాగారంలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఇట్రూరియా కట్టడాలు 1960 దశకంలో నేలమట్టమయ్యాయి. నేడు అక్కడ ఒక గుండ్రని చిన్న కట్టడం, వెడ్జ్‌వుడ్ నివాస భవనం మాత్రమే ఆ కాలాన్ని గుర్తుచేస్తాయి. సమీపంలోనే 1857 నాటి ఎముకలు, చెకుముకి రాయి నూరే మిల్లు పరిరక్షితమై ఉంది. విజయం సాధించిన సంస్థ తన జన్మస్థలాన్ని వదిలి వెళ్లింది. ఆర్థికంగా ఎన్నడూ అంత ఎత్తుకు చేరని బర్జెస్–లీ సంస్థ పాత కట్టడంలోనే, పాత పద్ధతిలోనే మిగిలింది. సమూలంగా ఆధునికీకరించే స్తోమత లేకపోవడమే చారిత్రక ఆధారాలను కాపాడింది.

ఆ స్థితి ఎంతకాలమో సాగేది కాదు. కట్టడం శిథిలమవుతున్న దశలో, 2010లో డెన్బీ సంస్థ వ్యాపారాన్ని కొన్నది. 2011లో ప్రిన్సెస్ రీజెనరేషన్ ట్రస్టు కట్టడాలను కొన్నది. దాదాపు 90 లక్షల పౌండ్ల వ్యయంతో పునరుద్ధరణ జరిగి, 2014లో ప్రాంగణం సందర్శకులకు తెరుచుకుంది. కట్టడం ఒకరిది, ఉత్పత్తి మరొకరిది అయిన ఈ ఏర్పాటులో పనివారి ఉపాధి నిలిచింది. అచ్చుల గిడ్డంగి, ఆవిరి యంత్రం, విక్టోరియా కాలపు కార్యాలయ గదులు ప్రదర్శనకు నిలవగా, పక్క గదుల్లో నేటికీ కాగితం అతికే పని సాగుతోంది.

8. ముగింపు

మిడిల్‌పోర్ట్ గురించి పర్యాటక రచనలు తరచు ‘కాలం ఆగిన చోటు’ అన్న భావన కలిగిస్తాయి. ఈ పరిశీలన అందుకు భిన్నమైన నిర్ధారణకు వస్తుంది. అక్కడ కాలం ఆగలేదు. సరకు మోసిన నీరు ఇప్పుడు సందర్శకులను మోస్తోంది. సరకు పెట్టెల రేవు సందర్శకుల రేవు అయింది. కట్టడం బతకడానికి లోపల పని బతకడం అవసరమైంది. పని బతకడానికి దాని చరిత్రకు విలువ ఏర్పడడం అవసరమైంది. ఈ పరస్పర ఆధారాన్ని గుర్తించడమే మిడిల్‌పోర్ట్ సంరక్షణలోని ముఖ్యమైన పాఠం. అదే సమయంలో, అచ్చులు మోసిన పిల్లలు, పూత ముంచినవారు, పడవలో కాపురం చేసిన స్త్రీలు ఆ చరిత్రలో ఎంత స్థానం పొందుతారన్నదే ఆ సంరక్షణ నిజాయితీకి గీటురాయి.

తెలుగు పరిశోధకులకు ఈ విషయం దూరపుది కాదు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మించిన ఆర్థర్ కాటన్ రైళ్ల కంటే జలమార్గాలే భారతదేశానికి చవకైన రవాణా అని జీవితాంతం వాదించాడు. గోదావరి డెల్టా కాలువలు సాగునీటితోపాటు సరకు పడవలనూ నడిపాయి. ఆ లాకులు, రేవులు, వాటిపై బతికిన పడవవారు, కాలువ ఒడ్డున వెలసిన పరిశ్రమల చరిత్రను కట్టడాలు, దస్తావేజులు, వృద్ధుల జ్ఞాపకాలు కలిపి ఒకే వ్యవస్థగా అధ్యయనం చేయవలసి ఉంది. ఆ పని జ్ఞాపకాలున్నవారు ఉన్నప్పుడే జరగాలి.